తనిఖీ రోజున ఖాళీ బల్లలు

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ ఆవిడ సున్నం సిస్టరు. సూదులు వేసే మనిషికి సున్నంతో ఏం పని అని కొత్తవాళ్ళు అడుగుతూనే ఉంటారు. క్లినిక్కు చూడడానికి పైనుంచి ఎవరో వస్తున్నారని కబురందితే చాలు, ఆవిడ చేసే మొదటి పని గోడలకి సున్నం వేయించడం. వచ్చేది పెద్ద అధికారా, మందుల కంపెనీ కుర్రాడా అన్న తేడా ఆవిడకి లేదు. ఒకసారి కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చినతన్ని తనిఖీకి వచ్చాడనుకుని, తడి ఆరేదాకా గడప బయటే నిలబెట్టి, టీ కూడా అక్కడికే పంపింది. ఆ సంగతి చెప్పుకుని ఆయా ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

క్లినిక్కు బజారు వెనక వీధిలో, మేడ మీద. కింద ఒక పక్క పిండిమర, ఇంకో పక్క బట్టలు కుట్టే షాపు. రెంటికీ మధ్య నుంచి ఇరుకు మెట్లు. మొదట్లో అది పెద్ద రోడ్డు మీద ఉండేది. అక్కడికి రావాలంటే ఆడవాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చేది. ఎవరి కంట పడతామో, ఏ మరిది చూసి ఇంట్లో ఏం చెబుతాడో అని చెంగు ముఖం మీదికి లాక్కుని వచ్చేవాళ్ళు. పట్టుబట్టి దాన్ని ఈ వీధిలోకి మార్పించింది సిస్టరే. ఇక్కడైతే గింజల డబ్బా పిండిమరలో పెట్టి పైకెక్కొచ్చు. పిండి ఆడేసరికి సూది వేయించుకుని కిందికి దిగొచ్చు. ఎక్కడికెళ్ళావని అడిగేవాళ్ళకి చేతిలో వెచ్చటి పిండి డబ్బాయే జవాబు.

పైన మూడు గదులు. మొదటి దాంట్లో గోడ పొడవునా బల్లలు. రెండో దాంట్లో మందుల బీరువా, సూదులు వేసే కుర్చీ, మధ్యలో ఒక తెర. మూడోది వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరమ్మది. ఇదంతా దాతల డబ్బుతో నడుస్తుంది. దాతలంటే ఎక్కడో సముద్రాల అవతల పెద్ద పెద్ద సంస్థలు. అవి మన పెద్దాఫీసుకి డబ్బు పంపిస్తే, పెద్దాఫీసు నుంచి మందులూ, అద్దె, జీతాలూ ఇక్కడికి వస్తాయి. ఏ సంస్థా కలకాలం ఇవ్వదు. ఒకరు చేతులు దులుపుకుని వెళ్తే పెద్దాఫీసు డైరెక్టరు గారు ఇంకొకరిని వెతుక్కుంటాడు. వచ్చిన ప్రతివాళ్ళూ పనికి కొత్త పేరు పెడతారు. మొదటి దాతలు జనాభా నియంత్రణ అన్నారు. తరవాతి వాళ్ళకి ఆ మాట చెవిన పడకూడదు, వాళ్ళది తల్లీబిడ్డల సంక్షేమం. ఆ పైన వచ్చినవాళ్ళు పునరుత్పత్తి ఆరోగ్యం అన్నారు. ఆ మాట బోర్డులో పట్టక పెయింటరు నిచ్చెన మీద నుంచే విసుక్కున్నాడు. ఇప్పటిది స్త్రీల ఎంపిక హక్కు. పేరు మారినప్పుడల్లా సిస్టరు శిక్షణకి వెళ్ళి, కొత్త సంచీ, కొత్త మాటలు మోసుకొచ్చేది. మర్నాడు పొద్దున్న అదే కుర్చీలో కూర్చున్న అదే మనిషికి అదే చేతికి అదే సూది వేసేది. ఈ కార్యక్రమాలన్నిటి వల్లా పైసా తేడా లేకుండా బాగుపడ్డది ఆ బోర్డుల పెయింటరొక్కడే.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ డబ్బు రాకపోతే ఆ మెట్లెక్కే ఆడవాళ్ళకి ఇంకో దారి లేదు. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, ఒక పూట కూలి వదులుకోవాలి, ఇంట్లో అందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఇక్కడ అవేవీ లేవు. బిడ్డకీ బిడ్డకీ మధ్య ఒంటికి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి కావాలని వచ్చినవాళ్ళకి ఆ సూదితో అది దొరుకుతుంది. చిన్న విషయంలా కనపడుతుంది. అది దొరకనివాళ్ళని అడిగితే తెలుస్తుంది ఎంత పెద్దదో.

సిస్టరు సున్నం పిచ్చి ఇప్పటిది కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్లగా నర్సు పని నేర్చుకున్న పెద్దాసుపత్రిలో ఒక మేట్రన్ ఉండేది. ఆవిడ నడిచొస్తుంటే ఫ్యాన్లు కూడా చప్పుడు చెయ్యడానికి జంకేవి. తనిఖీ రోజొస్తే మేట్రన్ దుప్పట్లు ముడత లేకుండా బిగించి, లేచి నడవగలిగిన రోగులందర్నీ వెనక వరండాలోకి తోలేసేది. వచ్చిన పెద్దమనుషులు తెల్లటి పక్కలు చూసి, బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఒక తనిఖీలో మన సిస్టరు సర్దిన వరసే అన్నిటికన్నా బాగుందని మేట్రన్ అందరి ముందూ అంది. ఆవిడ నోట మెప్పు రావడం మామూలు విషయం కాదు. ఆ మాట సిస్టరు మనసులో పాతుకుపోయింది. తనిఖీ అంటే మనుషులు లేని శుభ్రమైన గది అని ఆవిడకి ఆ రోజే స్థిరపడిపోయింది. ఆ తరవాత ఇన్నేళ్ళలో అది తప్పని చెప్పినవాళ్ళు లేరు. ఇక్కడికొచ్చిన దాతలూ అంతే. గోడలు చూసి, టీ తాగి, ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు.

ఈసారి దాతల సంస్థ కొత్తది. అక్కడి నుంచి ఒకావిడ స్వయంగా వస్తుందని డైరెక్టరు గారు ఫోను చేశాడు.

"సిస్టర్ గారూ, చాలా పెద్ద సంస్థ. ఆవిడకి నచ్చిందంటే ఇక మనం ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు. అంతా నీట్‌గా ఉండాలి. మీకు నేను చెప్పాలా?"

"మీకెందుకు సార్, నేను చూసుకుంటాగా," అంది సిస్టరు.

చూసుకుంది. గోడలు మెరిశాయి, తెర ఉతికి ఇస్త్రీ అయింది, బల్లల మీద గీతలు కూడా కనపడకుండా రంగు పడింది. ఆ సంస్థ ఆవిడ వచ్చేది వారపు సెలవు రోజున. ఊరి చివర బట్టల ఫ్యాక్టరీకి అదే సెలవు, అందుకని క్లినిక్కులో కాలు పెట్టే సందుండని రోజది. సిస్టరు ముందే ఆయాని వీధులన్నీ తిప్పి, ఆ రోజు ఎవరూ రావద్దు, మర్నాడు రండి అని చెప్పించింది. రోజూ పొద్దున్నే వచ్చి మొదటి బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరించే సొంత అత్తగారిని కూడా, ఇవాళ ఇంట్లోనే ఉండండి అత్తయ్యా అని ఆపేసింది.

అయినా ఒక పిల్ల వచ్చింది. ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు కుట్టే పిల్ల, అందరూ కాజాల పిల్ల అనే పిలుస్తారు. చంకలో ఏడాది నిండని బిడ్డ. రెండో కాన్పులో ఒంట్లో రక్తమంతా పోయి గండం గడిచి బయటపడింది. కొన్నేళ్ళదాకా ఇంకో కాన్పు మాటే తలపెట్టొద్దని డాక్టరమ్మ మొగుణ్ణి కూడా పిలిచి మరీ చెప్పింది.

"రేపు రామ్మా, ఇవాళ పెద్దవాళ్ళొస్తున్నారు," అంది సిస్టరు గుమ్మంలోనే.

"రేపు సెలవివ్వరు సిస్టర్. ఇప్పటికే లేటయింది. రెండు నిమిషాలు కదా..."

"ఒక్కరోజుకి కొంప మునగదులే. ఆ చెప్పులు తీసెయ్, ఇప్పుడే తుడిచిన మెట్లు."

కాజాల పిల్ల బిడ్డని ఇంకో చంకకి మార్చుకుని దిగి వెళ్ళిపోయింది. సిస్టరు ఆ మెట్టు మీద పడ్డ మట్టి తుడిపించింది.

దాతల సంస్థ ఆవిడ పొడుగు మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, భుజాన గుడ్డ సంచీ. గోడల వైపు ఒకసారి చూసి, నేరుగా వెళ్ళి ఖాళీ బల్ల మీద కూర్చుంది. టీ తాగింది. ఇంకా కూర్చుంది. ఫొటో అక్కర్లేదంది. మెట్ల మీద ఏ చప్పుడైనా తలెత్తి చూసేది. వచ్చింది పిండిమర పిల్లి ఒక్కటే. డైరెక్టరు గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ నీళ్ళు నమిలాడు. సిస్టరు మాత్రం తెల్లటి చీరలో చేతులు కట్టుకుని మేట్రన్ ముందు నిలబడ్డంత హుందాగా నిలబడింది. మధ్యాహ్నం అయ్యాక నెరిసిన జుట్టావిడ లేచి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. తనిఖీ ఇంత బాగా ఎప్పుడూ జరగలేదని సిస్టరు మురిసిపోయి, మిగిలిన బిస్కట్లన్నీ ఆయాకిచ్చి పంపింది.

కొన్నాళ్ళ తరవాత డైరెక్టరు గారే మెట్లెక్కి వచ్చాడు. ఆయన మొహం చూడగానే సిస్టరు చేతిలో పని పక్కన పెట్టింది.

"వాళ్ళు మనకి డబ్బివ్వరట సిస్టర్ గారూ. ఉన్న నిల్వ అయిపోగానే క్లినిక్కు మూసెయ్యాలి."

"ఎందుకని సార్? ఏం తక్కువైంది?"

"క్లినిక్కులో మనుషుల్లేరట. మనం పంపే అంకెల్లో చూస్తే బల్లలు పట్టనంత జనం. చూడబోతే ఒక్కరూ లేరు. ఆ అంకెలు మనం కూర్చుని రాసుకున్నవని వాళ్ళ అనుమానం."

సిస్టరు ఒంటికాలి మీద లేచింది. "అబద్ధాలా? నేనా? ఇన్నేళ్ళలో ఒక్క సూది ఎక్కువ రాశానా సార్? వచ్చి వాళ్ళ చేతులు చూసుకోమనండి!"

"మరి ఆ రోజు ఒక్కళ్ళూ ఎందుకు రాలేదమ్మా?"

"నేనే రావద్దన్నాను. మీరే కదా నీట్‌గా ఉంచమన్నారు!"

డైరెక్టరు గారు నెత్తి కొట్టుకున్నాడు. "నీట్‌గా ఉంచమన్నాను గానీ, మనుషుల్ని కూడా ఊడ్చి పారెయ్యమన్నానా?"

సిస్టరు కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ మెరిసే గోడల వైపే చూసింది. అవి ఎంత తెల్లగా ఉన్నాయో అంత అసహ్యంగా అనిపించాయి.

ఇంటికెళ్ళి అత్తగారితో చెప్పుకుంది. కాస్త జాలి పడుతుందేమోనని ఆశ. ఆ ముసలావిడ జాలి పడే రకం కాదు. కోడల్ని కూతురికన్నా ఎక్కువగా చూసుకుంటుంది, అంతకన్నా ఎక్కువగా దెప్పుతుంది.

"అంటే ఫొటో తీసేవాణ్ణి పిలిచి, మనుషులందర్నీ పక్కకి జరగమని, గోడకి ఫొటో తీయించావన్నమాట," అంది. "నన్ను కూడా రావద్దన్నావుగా. నేనుంటే ఒక్కదాన్నైనా కనపడేదాన్ని."

"మీరు కూడా అలా అంటే ఎలా అత్తయ్యా? మూసేస్తారంటుంటే!"

ముసలావిడ కాసేపు మోకాళ్ళు నిమురుకుంది. "ఏడుగుర్ని కన్నానే నేను. ఇద్దరు దక్కలేదు. కావాలా వద్దా అని నన్నొక్కళ్ళూ అడగలేదు. నా మొగుడు మంచివాడే, ఆయనకీ అడగాలని తెలీదు. నువ్వు ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కదాన్నీ 'నీకేం కావాలమ్మా' అని అడుగుతావు చూడు, అది వినడానికే నేను రోజూ మోకాళ్ళు పట్టుకుని ఆ మెట్లెక్కేది. కబుర్లకొస్తున్నాననుకున్నావా?"

సిస్టరు నిజంగా కబుర్లకే అనుకుంది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ సంగతి ఆవిడకి తెలీదు. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

డైరెక్టరు గారు మాత్రం ఊరుకోలేదు. ఎవరెవర్నో పట్టుకుని, బతిమాలి, ఆ నెరిసిన జుట్టావిడని ఇంకొక్కసారి వచ్చి చూడడానికి ఒప్పించాడు. అప్పటికి నెల దాటింది. ఆవిడ ఊరు విడిచి వెళ్ళే ముందు ఒక గంట ఆగుతుంది, అదీ మళ్ళీ వారపు సెలవు రోజునే.

"ఈసారి బల్లలు నిండాలి సిస్టర్ గారూ," అన్నాడు ఫోనులో. "వాళ్ళూ వీళ్ళూ వస్తారని నమ్మకం పెట్టుకోవద్దు. మా చెల్లెళ్ళనీ, మరదళ్ళనీ పంపిస్తాను. కింద కుట్టుషాపు పిల్లల్ని కూడా ఒక గంట పైకి పిలవండి. టీలు, టిఫిన్లు మనవే."

సిస్టరు "అలాగే సార్" అంది. ఫోను పెట్టేసింది కూడా. ఆయా అప్పుడే వేళ్ళు మడుస్తూ తన పిన్ని, పిన్ని తోడికోడలు, పాలావిడ అంటూ మొదలుపెట్టింది. వింటున్నకొద్దీ సిస్టరుకి ఒళ్ళు మండుకొచ్చింది. మళ్ళీ ఫోను తీసింది.

"సార్, మీ మరదళ్ళని పంపకండి. ఒకసారి ఉన్నవాళ్ళని లేనట్టు చూపించాను. ఇప్పుడు లేనివాళ్ళని ఉన్నట్టు చూపిస్తే వాళ్ళన్నమాట నిజం చేసినదాన్నవుతాను."

"అమ్మా, ఎవరూ రాకపోతే?"

"రాకపోతే మూసెయ్యండి. వచ్చేవాళ్ళే లేకపోతే ఇంకెందుకు?"

ఆ మాట గట్టిగానే అంది గానీ లోపల భయం పీకుతూనే ఉంది. క్లినిక్కు మూసేస్తున్నారని అప్పటికే బజారంతా పాకింది. ఉందో లేదో తెలీని చోటికి ఎవరొస్తారు? అలాగని ఇప్పుడు ఆయాని పంపి రమ్మని చెప్పిస్తే అదీ ఏర్పాటు చేసినట్టే. ఈసారి ఏ కబురూ పంపకూడదని పళ్ళు బిగబట్టి కూర్చుంది.

"సున్నం కలపనా?" అంది ఆయా, అలవాటు కొద్దీ.

"ఆ డబ్బా ముట్టుకున్నావంటే చూడు," అంది సిస్టరు.

ఆ రోజు పొద్దున్న తలుపులు తీస్తే మెట్ల మీద ఎవరూ లేరు. అత్తగారొక్కతే వచ్చి మొదటి బల్ల మీద కూర్చుని, ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదే అని గాలికి చెప్పింది. సిస్టరు తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది. కిటికీలోంచి తొంగి చూసింది, మళ్ళీ వచ్చి తుడిచింది. ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక ఆయా వెళ్ళి గ్లాసులు కడుక్కుంటూ కూర్చుంది.

తరవాత కింద పిండిమర మొదలైంది. నేల సన్నగా అదిరింది. ఆ వెంటనే మెట్ల మీద చెప్పుల చప్పుడు. బజారులో ఉల్లిపాయలమ్మే ఆవిడ పైకొచ్చి, "మూసేస్తున్నారటగా సిస్టర్? మూసేలోపల ఒక సూది వేయించుకుపోదామని వచ్చా," అంది. ఆ వెనక ఇద్దరు. ఆ వెనక ఒక అత్తా కోడలూ, ఒకరికి తెలీకుండా ఒకరు బయల్దేరి మెట్ల మీద ఎదురుపడి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటూ వచ్చారు. కాసేపటికి బల్లలు నిండి, నేల మీద కూర్చుని, గుమ్మం బయట కూడా చెప్పులు కుప్పపడ్డాయి. ఒక పిల్లాడు ఉతికిన తెరని పట్టుకుని ఊగుతున్నాడు. ఇంకొకడు మూల తడిపేశాడు. ఒకావిడ సూదికి భయపడుతుంటే, పక్కావిడ తన కాన్పు కథ చెప్పి ఇంకా భయపెడుతోంది. సిస్టరుకి తల తిప్పే తీరికలేదు. దాతలు, తనిఖీ, డైరెక్టరు గారు, ఎవరూ గుర్తు లేరు.

వరసలో కాజాల పిల్ల వంతు వచ్చింది. బిడ్డని బయట సిస్టరు అత్తగారి ఒళ్ళో కూర్చోబెట్టి, లోపలికొచ్చి తెర వెనక నిలబడింది. కుర్చీలో కూర్చోలేదు.

"ఏమ్మా, కూర్చో. చెయ్యివ్వు."

"సూది వెయ్యచ్చో లేదో చూడండి సిస్టర్," అంది ఆ పిల్ల. "ఆ రోజు మీరు మర్నాడు రమ్మన్నారు కదా. మర్నాడు ఫ్యాక్టరీలో వదల్లేదు. ఆ తరవాత ఆర్డర్లున్నాయని వారం సెలవులు కూడా ఆపేశారు. ఇవాళే మళ్ళీ సెలవు. ఈ నెల నాకు... రాలేదు."

సిస్టరు చేతిలో దూది పక్కన పెట్టింది. ఆ రోజు తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే చెవిలో వినపడ్డాయి. కొంప మునగదన్నది, చెప్పులు తియ్యమన్నది, మట్టి తుడిపించింది. దాతలేదో అన్యాయం చేశారని ఇన్నాళ్ళుగా కుమిలిపోతోంది తను. అన్యాయం జరిగింది ఈ పిల్లకి. చేసింది తను.

పరీక్షకి మూత్రం పట్టి తెమ్మని సీసా ఇచ్చి పంపింది. ఆ పిల్ల తెచ్చిన దాంట్లోంచి పట్టీ మీద చుక్కలు వేసి, ఇద్దరూ దాని మీదికి వంగి కూర్చున్నారు. ఒక గీత వస్తే గర్భం లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారు తెర పక్కన తల పెట్టి గుసగుసలాడాడు.

"సిస్టర్ గారూ, ఆవిడొచ్చేసింది. త్వరగా రండి. ఆవిడకున్నదే గంట!"

కాజాల పిల్ల గభాలున లేచింది. "వెళ్ళండి సిస్టర్, నేను బయట కూర్చుంటాలే. కావాలంటే ఇంకో రోజు వస్తాను."

ఆ పిల్ల అంత తొందరగా లేవడం సిస్టరు చూసింది. దానికి ఆ అలవాటు చేసింది కూడా తనే.

"నువ్వు కూర్చో తల్లీ," అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తెర వైపు తిరిగి, "ఆవిణ్ణి వరసలో కూర్చోమనండి సార్. ఈ అమ్మాయి పనయ్యాక వస్తాను," అంది.

"అమ్మా, ఆవిడ వెళ్ళిపోతే క్లినిక్కు..."

"ఈ అమ్మాయి వెళ్ళిపోతే క్లినిక్కు ఉండి ఏం లాభం సార్?"

ఆయన తల వెనక్కి తీసుకున్నాడు. తెర మూసుకుంది. ఒక గీత వచ్చింది. రెండోది వస్తుందేమోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కింద మర తిరుగుతోంది, బయట ఎవరో పకపకా నవ్వుతున్నారు. పట్టీ మీద రెండోది రాలేదు. అయినా నమ్మకం చాలక సిస్టరు పక్క గదిలోంచి డాక్టరమ్మని పిలిచింది. ఆవిడ చూసి, అడగాల్సినవన్నీ అడిగి, నీరసానికి కూడా నెలసరి ఆలస్యమవుతుంది, కంగారు పడకని చెప్పింది. ఇవాళే సూది వెయ్యమంది, కొన్నాళ్ళు ఎలా జాగ్రత్త పడాలో చెప్పి, ఆనక ఇంకోసారి పరీక్షకి రమ్మంది. కాజాల పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. సూది గుచ్చుతున్నప్పుడు మాత్రం నవ్వింది.

"నీ సెలవెప్పుడైతే అప్పుడే రా. లోపల ఎవరున్నా సరే, తలుపు తోసుకుని రా. నేను పొమ్మన్నా పోకు," అంది సిస్టరు. ఆ పిల్ల తలూపింది.

ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. నెరిసిన జుట్టావిడ వెళ్ళిపోలేదు. మొదటి బల్ల మీద ముసలావిడకీ ఉల్లిపాయలావిడకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. కాజాల పిల్ల బిడ్డ ఆవిడ ఒళ్ళో చేరి కళ్ళద్దాలు పీకుతోంది. ముసలావిడ ఆపకుండా తన ఏడు కాన్పుల కథా చెప్పుకుపోతోంది. ఒక్క ముక్క అర్థంకాకపోయినా ఆవిడ ముసలావిడ చెయ్యి పట్టుకుని శ్రద్ధగా వింటోంది. చోటు దొరకని డైరెక్టరు గారు గోడకి ఆనుకుని, ఎవరిదో పిండి డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నల్ల కోటు నిండా తెల్లటి పిండి.

సిస్టరు తిన్నగా ఆవిడ ముందుకెళ్ళి నిలబడింది. "సార్, నేను చెప్పేది ఆవిడ భాషలో చెప్పండి. ఆ రోజు ఇక్కడ జనం లేకపోవడానికి కారణం నేను. మీరొస్తున్నారని వీళ్ళందర్నీ నేనే పంపేశాను. అంకెలు అబద్ధం కాదు. ఆ రోజు మీరు చూసిన గదే అబద్ధం."

డైరెక్టరు గారు గొంతు సవరించుకుని ఏదో చెప్పాడు. అది మరీ మెత్తగా, మరీ క్లుప్తంగా వినపడింది. సిస్టరుకి ఆ భాష మాట్లాడడం రాదుగానీ, పాతికేళ్ళ శిక్షణల్లో వినడం బాగానే అబ్బింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి సార్. పాలల్లో నీళ్ళు కలపకండి."

ఆయన ఈసారి అంతా చెప్పాడు. ఆవిడ బిడ్డ చేతిలోంచి కళ్ళద్దాలు తీసుకుని పెట్టుకుంది. ఏదో అడిగింది.

"అలా పంపేసినవాళ్ళలో ఎవరికైనా నష్టం జరిగిందా అంటున్నారు," అన్నాడు డైరెక్టరు గారు.

సిస్టరు పక్కనున్న పిల్ల వైపు చూడలేదు. ఆ పిల్ల సంగతి ఆ పిల్లది, అందరి ముందూ పెట్టేది కాదు. "జరగబోయి తప్పిపోయింది. అది నా గొప్ప కాదు, అదృష్టం. ఇంకెప్పుడూ అలా చెయ్యను. మీరు డబ్బిచ్చినా, ఇవ్వకపోయినా."

అర్థమైనవాళ్ళూ కానివాళ్ళూ అందరూ ఆ నెరిసిన జుట్టావిడ మొహమే చూస్తున్నారు. ఆవిడ లేచి, బిడ్డని తల్లికిచ్చి, కొంచెంసేపు మాట్లాడింది. డైరెక్టరు గారు చెప్పడం మొదలుపెట్టాడు.

"తప్పు ఒక్క మీదే కాదంటున్నారు. ముందే కబురు పెట్టి వచ్చి, కనపడ్డదే నిజమనుకోవడం తన తప్పట. డబ్బివ్వడానికి ఆఖరి సంతకం తనది కాదుగానీ, ఇవాళ చూసింది చూసినట్టు రాస్తారట. అందుకని... అందుకని వచ్చే ఏడాది వచ్చేటప్పుడు మాత్రం మనకి ముందుగా చెప్పరట."

"వచ్చే ఏడాదా?" అంది సిస్టరు.

"అవునమ్మా. వచ్చే ఏడాది."

సిస్టరు కొంగు తీసి కళ్ళు ఒత్తుకుంది. బల్లల వైపూ, గుమ్మం దాకా నిలబడ్డ ఆడవాళ్ళ వైపూ చూసింది. తరవాత ఆవిడ వైపు తిరిగి, తన మామూలు గొంతుతోనే అంది.

"చెప్పకుండా వస్తే కూర్చోడానికి చోటు దొరకదని చెప్పండి సార్."